రెండో బ్రేకు

మా ఆయనకి ఊళ్ళో బ్రేకు మాస్టారని పేరు. ఆ పేరు పెట్టినవాళ్ళంతా ఆయన దగ్గర కారు నేర్చుకున్నవాళ్ళే. డ్రైవింగ్ స్కూలు కార్లో పక్క సీటు ముందు కూడా ఒక బ్రేకు ఉంటుంది. నేర్చుకునేవాడు కంగారుపడితే నేర్పేవాడు దాన్ని తొక్కుతాడు. మిగతా మాస్టార్లు అవసరానికి తొక్కుతారు, మా ఆయన ముందుజాగ్రత్తకి తొక్కుతారు. కుక్క అరుగు మీద పడుకుని నిద్రపోతున్నా, అది లేచి రోడ్డు మీదకి వస్తుందేమోనని తొక్కుతారు. రాని కుక్కలన్నిటికీ భయపడి ఆయన ఇన్నేళ్ళూ ఒక్క గీత పడకుండా స్కూలు నడిపారు. ఆ విషయంలో ఆయనకి చెప్పలేనంత గర్వం.

పెళ్ళయిన కొత్తల్లో నాకూ నేర్పబోయారు. వీధి చివరికి చేరేలోపే నా తల అద్దానికి కొట్టుకున్నంత పనైంది. తాళం ఆయన చేతిలో పెట్టి నడుచుకుంటూ ఇంటికొచ్చేశాను. అప్పట్నుంచీ ఆ స్కూల్లోనే ఆఫీసు బల్ల దగ్గర కూర్చున్నాను. చేరేవాళ్ళని చేర్చుకోవడం, ఫోన్లు ఎత్తడం, రోడ్డు గుర్తుల బొమ్మలు చూపించి పరీక్షకి తయారుచేయడం నా పని. ఊళ్ళో సగం మందికి ఎక్కడ ఆగాలో, ఎక్కడ మలుపు తిరగాలో చెప్పింది నేనే. స్టీరింగు మాత్రం ముట్టుకోలేదు.

చివరికి ఒకరోజు పంతం పట్టి, పక్క వీధిలో ఉన్న ఇంకో స్కూల్లో చేరాను. ఆ స్కూలుకీ మాకూ పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది. బ్రేకు మాస్టారి పెళ్ళాం పోయి పోయి అక్కడ చేరిందని ఊరంతా కడుపుబ్బ నవ్వింది. ఆయన కొన్నాళ్ళు నాతో మాట్లాడలేదు. చెప్పదలచుకున్నదంతా గోడకీ, మంచినీళ్ళ గ్లాసుకీ చెప్పేవారు. లైసెన్సు తెచ్చి బల్ల మీద పెట్టిన రోజు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "రివర్సు ఎవరు నేర్పారు?" అన్నారు.

"వాళ్ళే."

"తప్పు నేర్పి ఉంటారు."

అదే మా రాజీ. మళ్ళీ మాటలు కలిశాయి.

ఆ మరుసటి ఏడు ఆయన ఎడమ కంటికి మసక కమ్మింది. కంటి వెనక నరానికి రక్తం సరిగ్గా అందడం లేదన్నారు. ఆపరేషన్ కూడా చేశారు. ఆసుపత్రికి వెళ్ళినప్పుడల్లా తోడుగా తమ్ముణ్ణి తీసుకెళ్ళి, నన్ను ఆఫీసు చూసుకోమనేవారు. "కొన్నాళ్ళు బండి ముట్టుకోవద్దన్నారు. తర్వాత చూద్దామన్నారు," అని చెప్పారు. నేను నమ్మాను. స్కూలు మరిది చేతికి వెళ్ళింది. ఆయన వరండాలో కుర్చీ వేసుకుని, రోడ్డు మీద వెళ్ళే బండ్లని పేరు పేరునా తిడుతూ కూర్చునేవారు.

ఒకరోజు పొద్దున్నే, టీ చల్లారిపోతున్నా తాగకుండా, "మనం ఆ పాత ఊళ్ళు చూసొద్దామా?" అన్నారు.

ఏ పాత ఊళ్ళో నేను అడగక్కర్లేదు. స్కూలు పెట్టకముందు ఆయన టూరిస్టు బస్సు నడిపేవారు. పాత రాళ్ళ వంతెన ఉన్న ఊరు, రాజుల భవనం ఉన్న ఊరు, స్తంభాల బజారు ఊరు, అన్నిటికన్నా చివర కొండ మీది కోట ఊరు. జనాన్ని దింపేవారు, జనం చూసొచ్చేవారు, ఎక్కించుకుని బయల్దేరేవారు. బస్సు వదిలి వెళ్ళకూడదని యజమాని ఆంక్ష. అందుకని ఆ ఊళ్ళన్నీ ఆయనకి బాగా తెలుసు, పార్కింగు వరకు. కోట ఊరికైతే బస్సు కొండ కిందే ఆగిపోయేది. పైకి చిన్న కార్లకే దారి. గోల చేస్తూ పైకి వెళ్ళినవాళ్ళు దిగేటప్పుడు ఎందుకో గొంతు తగ్గించి మాట్లాడేవారట. పైన ఏముందని అడిగితే ఒక్కొక్కరు ఒక్కోలా చెప్పేవారట.

"అదేంటో నేను చూడాలి," అన్నారు ఆయన.

మరిదికి చెబితే ఒంటికాలి మీద లేచాడు. మంచివాడే, అన్నగారంటే ప్రాణం. కానీ ప్రేమంతా అజమాయిషీగా మారిపోయే రకం. "అన్నయ్యకి రెస్టు కావాలి వదినా. వెళ్ళాలంటే డ్రైవర్ని పెడతా."

"ఎవడి చేతికో స్టీరింగు ఇచ్చి నేను వెనక సీట్లో సామానులా కూర్చోను," అన్నారు ఆయన.

"మరెవరు నడుపుతారు?"

"నేను," అన్నాను.

మరిది నన్ను చూశాడు, అన్నగారిని చూశాడు, నవ్వాడు. ఆ నవ్వే వాడి కొంప ముంచింది. వాడలా నవ్వకుండా ఉండుంటే మేం ఇంకో నెల ఆలోచించేవాళ్ళమేమో. ఆ సాయంత్రమే నేను బట్టలు సర్దేశాను.

ఆయన ఒకే ఒక్క షరతు పెట్టారు. సొంత కారు మాకెప్పుడూ లేదు, ఉన్నదల్లా స్కూలు కారు. దాంట్లోనే వెళ్ళాలి, పక్క సీటు బ్రేకు అలాగే ఉండాలి. సరేనన్నాను. కారు వెనక అద్దం కింద పెద్ద అక్షరాలతో మా స్కూలు పేరూ, "మా డ్రైవింగ్ గురించి చెప్పాలంటే ఫోన్ చేయండి" అని నంబరూ ఉన్నాయి. ఆ నంబరు ఎత్తేది ఇప్పుడు మరిది అన్న సంగతి ఇద్దరికీ తట్టలేదు. ఇన్నేళ్ళు స్కూలు నడిపిన వాళ్ళం, ఇంత తెలివితక్కువ పని మేమే చేయగలం.

వంతెన ఊరు చేరేసరికి మా మెడలు పట్టేశాయి. ఆయన తొక్కుతూనే ఉన్నారు. ఎదురుగా వచ్చే సైకిలుకి తొక్కారు, గాలికి కదిలిన కొమ్మకి తొక్కారు, మలుపుకి తొక్కారు, మలుపు లేనందుకు తొక్కారు. వెనకవాళ్ళు హారన్లు మోగించి, పక్కనుంచి పోతూ నన్ను గుడ్లురిమి చూశారు. తొక్కింది ఆయన, తిట్లు తిన్నది నేను.

"కాలు తియ్యండి!" అన్నాను.

"నువ్వు ముందు చూసి నడుపు."

"ముందు చూసే నడుపుతున్నా. మీరే లేనివన్నీ చూస్తున్నారు!"

ఆ మాట ఎంత నిజమో అప్పుడు నాకు తెలియదు.

అయినా ఆ ఊళ్ళో గడిపిన రెండు పూటలూ బాగున్నాయి. పార్కింగు చోటుని ఆయన పాత స్నేహితుణ్ణి చూసినట్టు చూశారు. ఇక్కడే పడుకునేవాణ్ణి, ఇక్కడే టైరు మార్చాను, ఈ కొళాయిలో నీళ్ళు తియ్యగా ఉండేవి అంటూ చుట్టూ తిప్పారు. "పార్కింగు చూశాంగా, ఇంక వంతెన చూద్దాం రండి," అని చెయ్యి పట్టి లాక్కెళ్ళాను. వంతెన కిందకి దిగే మెట్ల మీద నా భుజం గట్టిగా పట్టుకున్నారు. ఇన్నేళ్ళ కాపురంలో నలుగురిలో నన్ను అలా పట్టుకోవడం అదే మొదలు. వయసు మీద పడ్డాక సరసం మొదలైందని లోపల్లోపల మురిసిపోయాను. నది సన్నగా ఉంది. వంతెన కమానుల కింద నీళ్ళలో వెలుగు ఆడుతోంది. ఆయన చాలాసేపు దాన్నే చూస్తూ నిలబడ్డారు. వెళ్దామా అంటే, "ఉండు, తొందరేముంది," అన్నారు. బండి నడిపే మనిషి నోట ఆ మాట నేనెప్పుడూ వినలేదు.

భవనం ఊళ్ళో రాణిగారి గదులు ప్రభుత్వ కచేరీలయ్యాయి. రంగురంగుల గాజు కిటికీ కింద ఎవరో గుమాస్తా కునికిపాట్లు పడుతున్నాడు. అతని బట్టతల మీద ఎరుపూ నీలమూ పడి మెరుస్తుంటే మేమిద్దరం చిన్నపిల్లల్లా నోరు మూసుకుని నవ్వాం. అక్కడుండగానే మరిది ఫోను చేశాడు.

"వదినా, పొద్దున్నించీ కంప్లైంట్లు. మీ కారు రోడ్డు మధ్యలో ఆగిపోతోందంటున్నారు. మీ స్కూల్లో ఇదేనా నేర్పేది అని ఒకడు బూతులు తిట్టాడు. నడిపేది ఆడమనిషట, నిజమేనా అని ఇంకొకడు అడిగాడు."

"నిజమే అన్నావా?"

"అన్నాను. ఇంకేమంటాను?"

"మళ్ళీ చేస్తే ఆ ఆడమనిషి బాగానే నడుపుతోంది, పక్కన కూర్చున్న మగమనిషే ఆపుతున్నాడని చెప్పు." ఫోను పెట్టేశాను. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

స్తంభాల బజారు ఊళ్ళో ఆ మంట చల్లారిపోయింది. అది వేరే రకంగా చల్లారింది.

ఆ ఊరి నడి వీధికి రెండువైపులా రాతి స్తంభాల వరస ఉంటుంది. వాటి వెనక దుకాణాలు. మధ్యాహ్నం తిరిగింది, ఎండ ఒకవైపు, చిక్కటి నీడ మరోవైపు. మనిషి నడిచే వేగంతో పోతున్నాను. ఉన్నట్టుండి ఆయన బలమంతా పెట్టి బ్రేకు తొక్కారు. ఇంజను ఆగిపోయింది. వెనక వ్యాను మా బంపరుకి బెత్తెడు దూరంలో కీచుమని ఆగింది. దాని వెనక బండి, ఆ వెనక ఇంకో బండి, వీధంతా బిగుసుకుపోయింది. వ్యాను డ్రైవరు దిగొచ్చాడు.

"దిగండమ్మా, నేను తీసిపెడతా. మీ వల్ల కాదు."

"మీ బండి మీరు తీసుకోండి నాయనా. నా బండి నేను తీసుకుంటా," అని కారు స్టార్ట్ చేశాను. కదిలించగానే ఆయన మళ్ళీ తొక్కారు. జనం ఘొల్లుమన్నారు. నాకు ఏడుపూ కోపమూ ఒకేసారి తన్నుకొచ్చాయి.

"ఏమైంది మీకు? ఎందుకు తొక్కారు?"

"మనిషి! అడ్డంగా మనిషి నిలబడ్డాడు, కనపడట్లేదా?"

ఎడమవైపు చూశాను. మనిషి లేడు. స్తంభం నీడ రోడ్డు మీద పడుకుని ఉంది. ఆయన వైపు చూశాను. ఎడమపక్క ఉన్నదాన్ని చూడటానికి మెడ మొత్తం తిప్పి, కుడికన్ను అటు పెట్టి వెతుకుతున్నారు. ఆయన ఎడమ భుజం వెనక, అద్దం పక్కనే నిలబడి నవ్వుతున్న వ్యాను డ్రైవరు ఆయనకి కనిపించడం లేదు.

మెట్ల మీద నా భుజం ఎందుకు పట్టుకున్నారో అర్థమైంది. నేను పోసిచ్చిన టీ ఆయన ఈమధ్య బల్ల మీద ఎందుకు ఒలకబోస్తున్నారో అర్థమైంది. నేనెంత మురిసిపోయానో తలచుకుంటే నాకే సిగ్గేసింది.

"రెండు కాళ్ళూ సీటు మీద పెట్టుకోండి," అన్నాను.

ఏ కళనున్నారో, మారుమాట్లాడకుండా పెట్టుకున్నారు. ఆ వీధిలోంచి కారుని ఒక్క కుదుపు లేకుండా బయటికి తీశాను. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. కొట్టినా వినిపించుకునే స్థితిలో లేను.

లాడ్జి గదిలో కిటికీ తలుపులు తెరిచి, ఆయన్ని మంచం మీద కూర్చోబెట్టి ఎదురుగా కుర్చీ వేసుకున్నాను.

"ఎడమ కంటికి ఏం కనపడుతోంది?"

"వెలుగు తెలుస్తుంది. మనుషులు తెలియరు."

"బాగవుతుందన్నారుగా?"

"నేనన్నాను. డాక్టరు అనలేదు."

"మరి కుడిది?"

కిటికీలోంచి కింద కూరగాయలమ్మే ఆవిడ కేకలు వినిపిస్తున్నాయి. ఆయన అవి విని, మంచం పట్టీ మీద వేలితో ఏదో రాసి, "దానికీ మొదలైందన్నారు. ఎన్నాళ్ళుంటుందో చెప్పలేమన్నారు," అన్నారు.

"మీ తమ్ముడికి తెలుసా?"

"తెలుసు."

"నాకు మాత్రం తెలియకూడదు!"

"నీకు చెబితే ఏడుస్తావని."

"ఏడుస్తాను! ఎందుకేడవను? ఏడ్చి, ముఖం కడుక్కుని, మర్నాడే కారు తీసేదాన్ని. వరండాలో కూర్చుని ఊళ్ళో బండ్లని తిట్టుకుంటూ ఇన్ని నెలలు దండగ చేశారు మీరు! ఆ కన్ను మీ ఒక్కరిదనుకున్నారా?"

ఆయన తల వంచుకున్నారు. నాకు జాలి కలగలేదు. కలిగిందంతా కోపమే. ఆ రోగం మీద కోపం, ఇద్దరన్నదమ్ములూ ఒకటై నన్ను పసిపిల్లని చేసినందుకు కోపం, వంతెన దగ్గర ఆయనతో పాటు ఇంకాస్త సేపు నిలబడనందుకు నా మీద కోపం. ఏడ్చాను కూడా, గట్టిగానే. ఆయన నా చెయ్యి పట్టుకోవడానికి చెయ్యి చాపి, కాస్త పక్కకి చాపారు. నేనే జరిగి అందించాను.

ముఖం కడుక్కుని వచ్చాక అడిగాను. "కనపడకపోతే మరి ఎందుకు తొక్కుతున్నారు?"

"ఇదివరకు ఏదో ఒకటి కనపడి తొక్కేవాణ్ణి. ఇప్పుడు ఏమీ కనపడక తొక్కుతున్నా. అటుపక్క ఏముందో తెలీదు. కాలు ఊరుకోదు."

"రేపు వెళ్ళేది కొండదారి. ఏదో నీడ చూసి మీరు మలుపులో తొక్కితే ఇద్దరం లోయలో తేల్తాం. ఆ బ్రేకు తీయించేద్దాం."

"వద్దు."

"అయితే ఇక్కణ్ణించే వెనక్కి వెళ్దాం."

"వెనక్కీ వద్దు. అది తీసేస్తే ఇంక ఆ సీట్లో నేనెందుకు? మూటలా కూర్చోవడానికా?"

"మొగుడిలా కూర్చోండి. ఇన్నేళ్ళలో ఆ పని ఒక్కసారైనా చేశారా?"

ఆయన నవ్వలేదు. గోడ వైపు తిరిగి పడుకున్నారు. నేనూ పట్టు వదల్లేదు.

పొద్దున్నే ఆ ఊరి చివరున్న మెకానిక్కు షెడ్డుకి కారు తీసుకెళ్ళాను. ఆయన పక్కన కూర్చుని వచ్చారు, కాళ్ళు సీటు మీదే పెట్టుకుని. మెకానిక్కు లావుపాటి మనిషి. కిందకి వంగి చూసి, "తియ్యొచ్చు, పెద్ద పనేం కాదు. కానీ స్కూలు బండి కదా, తీస్తే తర్వాత గొడవేమో?" అన్నాడు.

"గొడవ మొదలై చాలాకాలమైంది, తియ్యండి," అంటుండగానే షెడ్డు ముందు ఇంకో కారు ఆగింది. మరిది దిగాడు. వెనకాల ఇస్త్రీ చొక్కా వేసుకున్న డ్రైవరు.

బజారులో జనం చేసిన ఫోన్లన్నీ అందినట్టున్నాయి, స్కూలు పేరున్న కారు ఎటు వెళ్ళిందని అడుగుతూ వచ్చినట్టున్నాడు. మరిది ముఖం మాడిపోయి ఉంది. రాత్రంతా ప్రయాణం చేశాడేమో, కళ్ళు ఎర్రబడ్డాయి. "చాలు వదినా. తాళం ఇవ్వండి. ఇతను మన కారు తీసుకొస్తాడు, మీరిద్దరూ నా కార్లో ఎక్కండి. ఇంటికెళ్దాం."

"మేము కొండ మీదికి వెళ్ళాలి."

"కొండలేంటి వదినా! అన్నయ్య సంగతి మీకు తెలీదు..."

"నిన్న తెలిసింది. నీకు ఆర్నెల్లుగా తెలుసట. చాలా సంతోషం."

మరిది బిక్కమొహం వేశాడు. "అన్నయ్యే ఒట్టు వేయించుకున్నాడు. నేనేం చేసేది? ఇప్పుడైనా వినండి. కొండ ఎక్కితే కంటికి మంచిది కాదు."

"డాక్టరు అన్నాడా?"

"డాక్టరు అనలేదు. నాకలా అనిపిస్తోంది."

"నీకనిపించింది నీ దగ్గరే పెట్టుకో."

"కారు స్కూలుది వదినా. ఎక్కడైనా గుద్దితే స్కూలు పేరు పోతుంది. అన్నయ్య ఇన్నేళ్ళు సంపాదించిన పేరు అది." వాడి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వాడు పేరు కోసం ఏడవడం లేదని నాకు తెలుసు. అయినా చెయ్యి చాపాడు, తాళం కోసం. నేను తాళం పిడికిట్లో బిగించాను. లాక్కుంటే లాక్కోనీ, చూద్దామనుకున్నాను.

అప్పటిదాకా కార్లోనే కూర్చున్న ఆయన తలుపు తీసి దిగారు. తమ్ముడి గొంతు ఎటునుంచి వస్తోందో అటు తిరిగి, "నేను పైకి వెళ్తున్నాను. తీసుకెళ్ళేది మీ వదిన," అన్నారు.

"అన్నయ్యా, ఆవిడ నిన్నగాక మొన్న..."

"నోర్ముయ్. ఆవిడ నడుపుతుంటే ఆపింది నేను. దారిపొడుగునా ఆపింది నేనే. నీకు ఫోన్లు చేసిన వాళ్ళందరికీ చేసి చెప్పు, తప్పు మాస్టారిదని." తర్వాత మెకానిక్కు వైపు చెయ్యి చాపారు. "స్పానరు ఇవ్వు."

"నేను తీస్తాలెండి సార్," అన్నాడు మెకానిక్కు.

"నేను పెట్టింది. నేనే తీస్తాను."

ఆయన మోకాళ్ళ మీద కూర్చుని, తల సీటు కిందకి దూర్చి, చేతులతో తడుముకుంటూ బోల్టులు పట్టుకున్నారు. ఆ పనికి చూపు పెద్దగా అక్కర్లేకపోయింది. ఒక బోల్టు మొండికేసింది. ఆయన దాన్ని తిట్టిన తిట్లకి ఇస్త్రీ చొక్కా డ్రైవరు పక్కకి తిరిగి నవ్వుకున్నాడు. మేమెవరం సాయం పోలేదు. చివరికి పెడలూ, దానికున్న కడ్డీ ఊడి బయటికొచ్చాయి. ఆయన లేచి, గ్రీజు చేతులతోనే వాటిని తమ్ముడి చేతిలో పెట్టారు.

"ఇదిగో స్కూలు ఆస్తి. జాగ్రత్తగా తీసుకెళ్ళు."

మరిది తెల్లచొక్కా నిండా గ్రీజు మరకలతో, ఆ కడ్డీ పట్టుకుని నిలబడిపోయాడు. నాకు వాడి మీద ఎప్పుడూ లేనంత ఆపేక్ష కలిగింది. కానీ తాళం ఇవ్వలేదు. "ఇంటికొచ్చాక అన్నీ మాట్లాడుకుందాం, నువ్వు ఏమైనా తిని బయల్దేరు," అని కారెక్కాను.

కొండ కిందికి చేరేసరికి పొద్దు వాలుతోంది. దారిలో భోజనానికి ఆగడం, ఎక్కడో చెట్టు నీడన ఆయన కునుకు తీయడం, అన్నీ కలిసి ఆలస్యమైంది. ఆయన బస్సు ఆపుకునే మైదానం దాటుతుంటే, "ఇదే కదూ?" అన్నారు. అవునన్నాను. అటు తిరగలేదు. "పోనీ," అన్నారు.

పైకి వెళ్ళే దారి మొదట్లో టిక్కెట్లు చూసే మనిషి మా కారు చుట్టూ తిరిగి, "పైన గుమ్మం ఇరుకు. కారు పడుతుంది, డ్రైవరు మంచివాడైతే," అన్నాడు. కారు లోపలికి చూసి, "డ్రైవరు ఎవరు?" అన్నాడు. నా చేతులు స్టీరింగు మీదే ఉన్నాయి.

"వెతకండి, దొరుకుతాడు," అన్నాను. ఆయన పక్కనుంచి పకపకా నవ్వారు. ఈ ప్రయాణం మొత్తంలో అలా నవ్వడం అదే మొదటిసారి.

మలుపులు మొదలయ్యాయి. ఎడమవైపు కొండ, కుడివైపు ఏమీ లేదు. ప్రతి మలుపులోనూ ఆయన కుడికాలు ఖాళీ నేలని గట్టిగా తొక్కుతోంది. కారు మాత్రం నా మాటే వింటోంది. నాకు భయం వేయలేదని చెప్పను. అరచేతులు చెమటతో జారుతుంటే చీర కుచ్చెళ్ళకి తుడుచుకున్నాను. అయినా ఒంట్లో ఏదో మొండి ఉత్సాహం లేస్తోంది. బ్రేకూ నాదే, తప్పూ నాదే, దారీ నాదే. ఈ సుఖం కోసమే ఇన్నేళ్ళూ బొమ్మలు చూపించానేమో అనిపించింది.

"వెలుగుందా ఇంకా?" అన్నారు.

"ఉంది. ఎర్రబడుతోంది."

"సాయంత్రమైతే కుడిదానికి కూడా సరిగా ఆనడం లేదు. త్వరగా వెళ్ళగలమా?"

"వెళ్దాం."

ఆఖరి మలుపు తిరగగానే కోట గుమ్మం ఎదురైంది. శత్రువులు ఒక్క ఊపున దూసుకురాకుండా దాన్ని వంకరగా కట్టారు. లోపలికి వెళ్ళగానే దారి ఎడమకి విరుగుతుంది. రెండు వైపులా మనిషెత్తు రాళ్ళు. అద్దాలు రెండూ లోపలికి మడిచాను. గుమ్మం అవతల, ఆ వంపు చివర, నారింజ రంగు వెలుగు ముక్క కనిపిస్తోంది. అది చూస్తుండగానే తగ్గుతోంది.

మొదటి గేరులో కదిలించాను. లోపలంతా చీకటి. స్టీరింగు తిప్పాను, ఇంకా తిప్పాను. ఎడమ పక్క, ఆయన తలుపు మీద, రాయి రేకుని గీసుకుంటూ కర్రుమని చప్పుడు మొదలైంది. ఆ గుమ్మంలో అది పదింతలై మోగింది.

నా కాలు బ్రేకు మీదకి వెళ్ళింది.

"తగిలిందా?" అన్నారు ఆయన.

"తగిలింది. మీ వైపే. ముందు తలుపు మొత్తం గీసుకుపోతోంది. వెనక్కి తీసి మళ్ళీ తిప్పనా?"

ఒక్క గీత పడకుండా ఇన్నేళ్ళు నడిపిన మనిషి, మెడ తిప్పి, ఉన్న ఆ ఒక్క కంటితో ముందున్న వెలుగు వైపు చూశారు.

"వెనక్కి తీస్తే అది పోతుంది," అన్నారు. "గీసుకుపోనీ. ఆపకు."

నేను బ్రేకు మీంచి కాలు తీసేశాను.